లాంగ్ లీవ్ నుంచి డ్యూటీకి: మనసు కుదుటపడి పనిలో నిలదొక్కుకోవడం - నా అనుభవం

మెషిన్‌లో చెయ్యి నలిగినవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాళ్లు, డిప్రెషన్‌తో మంచం దిగలేకపోయినవాళ్లు ఇలా నెలల తరబడి సెలవులో ఉన్న ఉద్యోగులను తిరిగి డ్యూటీలో చేర్చడం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా నా పని. ఫ్యాక్టరీ అయినా, ఐటీ ఆఫీసు అయినా, ప్రభుత్వ శాఖ అయినా నేను చూసిన ఇబ్బంది ఒకటే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుకీ, మనిషి ఎనిమిది గంటలు నిలకడగా పనిచేయగలిగే రోజుకీ మధ్య చాలా వారాలు ఉంటాయి. ఆ వారాలు ఎలా గడవాలో ఎవరూ కాగితం మీద పెట్టరు. సంతకం పెట్టాక డాక్టర్ పని అయిపోతుంది. జాయినింగ్ రిపోర్ట్ అందాక గానీ హెచ్‌ఆర్ పని మొదలు కాదు. చేరిన రెండు మూడు నెలల్లోనే మళ్లీ సెలవు చీటీ రాసేవాళ్లలో చాలామంది ఆ మధ్య వారాల్లో జారిపోయినవాళ్లే. అందుకే ఆ వారాల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు డబ్బు సంగతి తేలాలి

కౌన్సెలింగ్ కంటే ముందు జీతం లెక్క. నెల ఈఎంఐ ఎలా కట్టాలో తెలియని మనిషికి శ్వాస వ్యాయామాలు నేర్పితే వింటాడు గానీ, రాత్రి నిద్ర పట్టదు. మొదటి వారంలోనే ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, ఎక్కడి నుంచి ఎంత వస్తుందో, ఎప్పటిదాకా వస్తుందో ఒక తెల్లకాగితం మీద రాసి పెడతాం.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకి మామూలు జబ్బు సెలవులో రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. దానికి సంబంధిత ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తక్కువ పడిందని కంగారు పడతారు. పని చేస్తూ గాయపడితే లెక్క వేరు. తాత్కాలిక వైకల్యానికి వేతనంలో 90 శాతం, పనిచేయలేని కాలమంతా వస్తుంది. అయితే యాజమాన్యం ప్రమాద నివేదికను సకాలంలో పంపి ఉండాలి. నివేదిక వెళ్లకపోవడం వల్ల ప్రమాదం కాస్తా మామూలు జబ్బు కింద నమోదై, 90 రావాల్సిన చోట 70 వచ్చిన కేసులు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. నివేదిక నకలు అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకోమని ప్రతి కుటుంబానికీ చెబుతాం.

కొన్ని దీర్ఘకాల జబ్బులకు 91 రోజులు అయిపోయాక 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగింపు ఉంది. 34 జబ్బుల ఆ జాబితాలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక జబ్బు) కూడా ఉంది. రెండేళ్ల సర్వీసు, నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా ఉండాలి. ఇక్కడ డాక్టర్ రాసే జబ్బు పేరు చాలా కీలకం. "మానసిక ఒత్తిడి" అని ఒక్క ముక్క రాసిన చీటీ డిస్పెన్సరీ బల్ల మీదే ఆగిపోతుంది. జబ్బు పూర్తి పేరు, తీవ్రత, ఎప్పటి నుంచి ఉంది, ఇంకెంత కాలం పట్టొచ్చు అన్నవి రాయమని స్పెషలిస్టును అడగాలి.

ఈఎస్ఐ పరిమితి దాటిన జీతగాళ్లకు ఇలాంటి ఆసరా తక్కువ. ఈఎల్ (ఆర్జిత సెలవు) నిల్వ, కంపెనీ గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ, పీఎఫ్ అడ్వాన్సు వరుసగా చూడాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే అర్ధవేతన సెలవు, దాన్నే పూర్తి జీతంతో వాడుకునే కమ్యూటెడ్ సెలవు ఎన్ని మిగిలాయో సర్వీస్ రిజిస్టర్‌లో చూసి చెప్పమని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ని రాతపూర్వకంగా అడగాలి. నోటి మాట మీద ఆధారపడితే, సెలవు అయిపోయాక అనధికార గైర్హాజరు అన్న మాట వస్తుంది.

సెలవులో ఉన్న మనిషికి ఎవరు ఫోన్ చేయాలి

కంపెనీలు రెండు రకాలుగా పొరపాటు పడతాయి. కొన్నిచోట్ల రోజు మార్చి రోజు ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నావ్?" అని అడుగుతారు. మరికొన్ని చోట్ల ఇబ్బంది పెట్టకూడదని మంచి మనసుతోనే మూడు నెలలు ఎవరూ పలకరించరు. రెండోది ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ నిశ్శబ్దం "నీతో పని లేదు" అన్నట్టే వినిపిస్తుంది.

పద్ధతి ఏమిటంటే, ఒక్కరే మాట్లాడాలి. ఆ ఒక్కరు ఎవరన్నది ఉద్యోగే ఎంచుకోవాలి. నేరుగా పని అప్పగించే బాస్ కాకపోతే మంచిది. పదిహేను రోజులకొకసారి, ముందే అనుకున్న రోజున, పది నిమిషాలు. మాట్లాడాల్సింది మూడే సంగతులు: జీతం గానీ సెలవు కాగితాలు గానీ ఏమైనా ఆగాయా, ఇంట్లో ఏమైనా సాయం కావాలా, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయమంటారు. ఫైలు ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఏమిటి లాంటి పని ప్రశ్నలు ఆ ఫోన్లో రాకూడదు. టీమ్ వాట్సాప్ గ్రూప్‌ నుంచి తీసేయకుండా మ్యూట్ చేయించడం మేలు. చెప్పకుండా తీసేస్తే అర్థం వేరేగా వెళ్తుంది.

ఇంట్లో మొదలయ్యే పని

నిద్ర లేచే వేళ అన్నిటికంటే ముందు. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ ఉంటుంది. డ్యూటీ రోజుల్లో ఆరింటికి లేచే మనిషి ఇప్పుడు పదింటికి లేస్తుంటే, వారానికి అరగంట చొప్పున వెనక్కి జరుపుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆరింటికి అలారం పెడితే మూడో రోజుకి ఆగిపోతుంది. పగటి నిద్ర మధ్యాహ్నం మూడు లోపు, అరగంటకు మించకుండా.

తర్వాత రోజు పట్టిక. మేము వాడేది మామూలు రూళ్ల లాంగ్ నోట్‌బుక్. పేజీకి ఒక రోజు. ఎడమ వైపు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గంటలు, పక్కన ఆ గంటలో చేసిన పని, దాని పక్కన రెండు చిన్న అంకెలు: ఎంత ఓపిక పట్టింది, ఎంత తృప్తి కలిగింది, రెండూ సున్నా నుంచి పదికి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి మొదటి వారం పట్టికలో "పడుకున్నాను, టీవీ, పడుకున్నాను" అనే ఉంటుంది. అందులోనూ ఏదో ఒక గంటకి తృప్తి మూడో నాలుగో పడి ఉంటుంది: మొక్కలకు నీళ్లు పోసిన గంట, కూతురికి లెక్కలు చెప్పిన గంట. మరుసటి వారం ఆ గంటనే రెండు గంటలు చేయిస్తాం. హుషారు వచ్చాక పని చేద్దామనుకుంటే ఈ జబ్బులో అది రాదు. కాస్త పని చేశాక దాని వెంట హుషారు వస్తుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక పూట పూర్తిగా కేటాయించినా దండగ కాదు. లేకపోతే "రెస్ట్ తీసుకోనీ" అంటూ చేతిలో గ్లాసు కూడా తీసుకోనివ్వరు. లేదంటే "ఒళ్లు వంచట్లేదు" అని చుట్టాల ముందు అంటారు. రెండు మాటలూ మనిషిని వెనక్కే లాగుతాయి. గుడికో దర్గాకో తీసుకెళ్తామంటే వద్దనం. మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దని గట్టిగా చెబుతాం.

కోలుకుంటున్న తీరును అంకెల్లో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం తెలుగులో దొరుకుతుంది. మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ చెప్పుకోదగ్గ స్థాయిలో ఉన్నట్టు. రెండు వారాలకోసారి నింపిస్తే చాలు, రోజూ నింపిస్తే అంకెల ఆందోళన మొదలవుతుంది. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె పడినా మొత్తం ఎంత వచ్చిందని చూడం, ఆ రోజే ఎదురుగా కూర్చుని నేరుగా అడుగుతాం. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం అక్కర్లేదు. రాత్రివేళ ఇంట్లోవాళ్లు దిక్కుతోచక ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు.

మందులూ డ్యూటీ

డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది. కడుపులో తిప్పడం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే "మందు వేశాక ఇంకా పాడైంది" అని మానేసేవాళ్లు మొదటి పది రోజుల్లోనే మానేస్తారు. ఈ వరుస ముందే చెబితే చాలామంది నిలబడతారు.

పని రకాన్ని బట్టి చూడాల్సినవి వేరు. రాత్రి వేసుకునే క్వెటియాపిన్, ఒలాంజపిన్, మిర్టజపిన్, క్లోనజెపామ్ లాంటివి పొద్దున దాకా మత్తు ఉంచుతాయి. పొద్దున ఆరింటికి మొదలయ్యే 'ఏ' షిఫ్ట్‌కి వెళ్లాల్సిన క్రేన్ ఆపరేటర్‌కి ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. మోతాదు వేళను రాత్రి పదకొండు నుంచి ఎనిమిదికి జరపొచ్చా అని డాక్టర్‌ని అడగాలి, కొన్నాళ్లు జనరల్ షిఫ్ట్ అడగాలి. సొంతంగా మాత్ర సగం చేసుకోవడం మాత్రం వద్దు.

బైపోలార్ (ఉన్మాదం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు)కి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రక్తంలో దాని మట్టం సాధారణంగా 0.6 నుంచి 0.8 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమే. ఫౌండ్రీలో, బాయిలర్ దగ్గర, మే నెల ఎండలో రోడ్డు పని మీద ఒళ్లంతా చెమట కారిపోతే, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి మట్టం పైకి పాకుతుంది. దానికి తోడు ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్‌ గానీ ఇబుప్రొఫెన్‌ గానీ కొని వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం కనిపిస్తే అదే పూట ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. ఎండాకాలంలో తిరిగి చేరుతున్నవాళ్లకి నీడ పట్టున పని, నీళ్లు తాగడానికి విరామం ప్లాన్‌లోనే రాయిస్తాం. బైపోలార్ ఉన్నవాళ్లకి 'సీ' షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) ఎంత దూరం పెడితే అంత మంచిది. నిద్ర తెగితే ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

మెషిన్ దగ్గరి భయం

ప్రమాదం జరిగినవాళ్లలో గాయం మానినా, పవర్ ప్రెస్ దిగే చప్పుడు వింటే చెమటలు పట్టేవాళ్లుంటారు. కళ్ల ముందు ఆ క్షణం తిరుగుతుంది, ఆ ఫ్యాక్టరీ ఉన్న రోడ్డు వైపే వెళ్లరు. "ధైర్యం తెచ్చుకో" అని మొదటి రోజే అదే మెషిన్ ముందు నిలబెడితే చేజేతులా ముదరబెట్టినట్టే.

మెట్లుగా చేయాలి, క్లినికల్ సైకాలజిస్టు ఆధ్వర్యంలో చేయాలి. ముందు మెషిన్ ఫొటో చూడటం. తర్వాత ఫోన్లో దాని శబ్దం. తర్వాత గేటు దాకా. తర్వాత ఆదివారం మెషిన్ ఆగి ఉన్నప్పుడు షాప్ ఫ్లోర్‌లో. తర్వాత దూరం నుంచి నడుస్తున్న మెషిన్. ఆ తర్వాత పక్కన నిలబడటం. ప్రతి మెట్టు దగ్గరా భయం ఎంత ఉందో సున్నా నుంచి నూరుకి చెప్పిస్తాం. ఎనభై దగ్గర ఉన్నప్పుడు వెనుదిరిగి వచ్చేస్తే, పారిపోయినందువల్లే బతికానని మనసు నేర్చుకుంటుంది, మరుసటిసారి భయం ఇంకా పెరుగుతుంది. సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. ముప్పావు గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. తోడు వచ్చిన సూపర్‌వైజర్ గడియారం చూసుకుంటూ నిలబడకూడదు.

వీటన్నిటికంటే ముందు ఆ మెషిన్‌కి గార్డు బిగించారా, రెండు చేతులతో నొక్కితేనే దిగే బటన్లు పనిచేస్తున్నాయా అన్నది నేను స్వయంగా చూస్తాను. ప్రమాదానికి కారణమైన లోపం అలాగే ఉంటే ఆ భయం న్యాయమైనది. దాన్ని పోగొట్టమని సైకాలజిస్టును అడగడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో యాజమాన్యంతో గట్టిగా మాట్లాడటానికి వెనుకాడకూడదు.

సిద్ధంగా ఉన్నారని ఎలా తెలుస్తుంది

"ఇప్పుడు బానే ఉంది" అన్న మాటను బట్టి తేల్చం. వరసగా రెండు వారాలు కొన్ని సంగతులు నిలవాలి: డ్యూటీ వేళకు లేవడం, మాత్ర మరవకపోవడం, రెండు మూడు గంటలు ఏకబిగిన ఒక పని మీద కూర్చోవడం, రద్దీ వేళ ఒంటరిగా బస్సెక్కడం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పంపడం మాకు అలవాటు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అది పొద్దున్నుంచీ నిండి ఉంటుంది. పదింటికి వెళ్లి ఒంటిగంట దాకా ఒక పుస్తకమో, తన పనికి సంబంధించిన మాన్యువలో చదివి, అరపేజీ రాసుకుని రావాలి. ఇంట్లో మూడు గంటలు కూర్చోవడం వేరు, నలుగురి మధ్య కూర్చోవడం వేరు. ఊళ్లలో శాఖా గ్రంథాలయం, లేదా తెలిసినవాళ్ల కొట్లో లెక్కలు చూడటం ఆ పనికొస్తాయి.

ఆ తర్వాత ప్రయాణపు రిహార్సల్. డ్యూటీ వేళకు టిఫిన్ చేసి, యూనిఫాం వేసుకుని, అదే బస్సులో ఆఫీసు గేటు దాకా వెళ్లి, లోపలికి పోకుండా తిరిగి రావడం. వినడానికి చిన్న పనే. మొదటిసారి చాలామంది ఒక స్టాప్ ముందే దిగిపోతారు. ఆ స్టాప్ ఎక్కడో తెలియడం కూడా మనకి సమాచారమే.

డాక్టర్ చీటీలో ఏముండాలి

"ఫలానా తేదీ నుంచి విధులకు అర్హులు" అన్న ఒక్క వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఆఫీసు దాన్ని పూర్తి పనికి పూర్తి అనుమతిగా చదువుతుంది. డాక్టర్ తప్పేమీ లేదు, ఆయనకు "ఆపరేటర్", "సీనియర్ అసిస్టెంట్" అంటే లోపల ఏం చేస్తారో తెలియదు. అందుకని ఉద్యోగి అనుమతితో పని వివరం ఒక పేజీ రాసి డాక్టర్‌కి ముందే ఇస్తాం: ఎన్ని గంటలు నిలబడాలి, ఎన్ని కిలోలు ఎత్తాలి, ఎత్తు మీద పనా, ఒంటరిగా పనా, రాత్రి షిఫ్ట్‌లు నెలకెన్ని, నెలాఖరు ఒత్తిడి ఎంత, జనంతో మాట్లాడే పనా, బండి నడపాలా. అది చూశాక డాక్టర్ రాసే చీటీ మారుతుంది. మొదటి రెండు వారాలు నాలుగు గంటలు, ఎనిమిది వారాలు రాత్రి షిఫ్ట్ వద్దు, ఎత్తు మీద పని వద్దు, ఆరు వారాల తర్వాత మళ్లీ చూపించాలి అని స్పష్టంగా వస్తుంది.

జబ్బు పేరు హెచ్‌ఆర్‌కి వెళ్లే కాగితం మీద ఉండక్కర్లేదు. ఏ పనులు చేయగలరు, ఏవి కొన్నాళ్లు వద్దు అన్నది చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్ తెలుసుకోవాలంటే స్పెషలిస్టుతో నేరుగా మాట్లాడతారు. ఆ వివరం పర్సనల్ ఫైల్‌లోకి రానవసరం లేదు.

చేరకముందు ఒక గంట మాట్లాడుకోవడం

చేరడానికి వారం ముందు ఉద్యోగి, నేరుగా పని చూసే సూపర్‌వైజర్, హెచ్‌ఆర్, మా తరఫున ఒకరు కూర్చుంటాం. ఉద్యోగి కోరితే యూనియన్ నాయకుడు కూడా. అక్కడ తేలాల్సినవి గంటలు, పనులు, జీతం, తోటివాళ్లకి ఏం చెప్పాలి, కష్టంగా అనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి, మళ్లీ ఎప్పుడు కూర్చుందాం. అన్నీ ఒక పేజీలో రాసి అందరూ సంతకం చేస్తారు.

జీతం దగ్గరే ఎక్కువ పీటముడి పడుతుంది. ఫిట్ అని రాసిన రోజు నుంచి ఈఎస్ఐ డబ్బు ఆగిపోతుంది. సగం పని, సగం భత్యం అన్న ఏర్పాటు అందులో లేదు. కంపెనీ నాలుగు గంటలకే జీతం ఇస్తానంటే మనిషి మొదటి రోజు నుంచే ఎనిమిది గంటలు చేస్తానంటాడు, మూడో వారంలో పడిపోతాడు. ఆరు వారాల పాటు పూర్తి జీతం, తక్కువ గంటలు అన్నది యాజమాన్యాన్ని ఒప్పించడానికే ప్రయత్నిస్తాం. కుదరకపోతే మిగిలిన సెలవులను అరపూటలుగా వాడుకునే ఏర్పాటు రాయిస్తాం.

గంటలు పెంచే వరుస పనిని బట్టి మారుతుంది. ఎక్కువగా వాడేది ఇది: మొదటి రెండు వారాలు రోజుకు నాలుగు గంటలు, తర్వాతి రెండు ఆరు గంటలు, ఆ తర్వాత ఎనిమిది గంటలు ఓవర్‌టైం లేకుండా, రెండున్నర మూడు నెలలు దాటాక షిఫ్ట్ మార్పులు. ఒకేసారి రెండు పెంచకూడదు. గంటలు పెంచిన వారం పని కష్టం పెంచకూడదు, కొత్త పని ఇచ్చిన వారం గంటలు పెంచకూడదు. బుధవారమో గురువారమో చేరితే మొదటి వారం చిన్నదవుతుంది. నెలాఖరు, ఆడిట్, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారంలో చేర్చుకోవద్దు.

ఇచ్చే పని నిజమైన పని అయి ఉండాలి. "ఊరికే స్టోర్స్‌లో కూర్చో, చాలు" అని కుర్చీ చూపిస్తే దయ చూపించామనుకుంటారు. ఆ కుర్చీలో నాలుగు గంటలు ఊరికే కూర్చున్న మనిషి ఇంటికెళ్లి తాను దేనికీ పనికిరానని నమ్ముతాడు. చిన్నదైనా మొదలూ చివరా ఉండి, ఇంకొకరికి అవసరమైన పని ఇవ్వాలి: ఇన్‌వాయిస్‌లు సరిచూడటం, గేజ్‌ల కాలిబ్రేషన్ రిజిస్టర్ పూర్తి చేయడం, కొత్త కుర్రాళ్లకు డ్రాయింగ్ చదవడం నేర్పడం.

మొదటి రోజు

ముందు రోజే వెళ్లి చూడాల్సినవి ఉన్నాయి. సెలవు మూడు నెలలు దాటితే ఐడీ కార్డు పనిచేయదు, గేటు దగ్గర బయోమెట్రిక్‌లో వేలు పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది, లాగిన్ గడువు తీరిపోయి ఉంటుంది, కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు. వెనకాల క్యూలో తోటివాళ్లు చూస్తుండగా సెక్యూరిటీ గార్డు "పేరు రావట్లేదండీ, పక్కన నిలబడండి" అనడం, అప్పటికే గుండె దడతో వచ్చిన మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇది పూర్తిగా ఆపగలిగిన బాధ. కార్డు, వేలిముద్ర, లాగిన్, లాకర్ తాళం, సీటు ఈ ఐదూ ముందు రోజు సాయంత్రం హెచ్‌ఆర్ మనిషి స్వయంగా సరిచూసి సరేనని మెసేజ్ పెట్టాలి. ఐటీ ఉద్యోగులకి పేరుకుపోయిన మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి జరిపేసి, ఇన్‌బాక్స్ ఖాళీగా ఇవ్వాలి. కావలసిన విషయాలు సహోద్యోగి ఒక పేజీలో రాసిస్తే చాలు.

"ఇన్నాళ్లూ ఏమైపోయావ్?" అని క్యాంటీన్‌లో తప్పకుండా అడుగుతారు. జవాబు ఇంట్లోనే గట్టిగా అని చూసుకోవాలి: "ఒంట్లో బాగోక సెలవు పెట్టానన్నా. ఇప్పుడు నయం, డాక్టర్ చెప్పినట్టు కొన్నాళ్లు తక్కువ గంటలు చేస్తున్నాను." ఇంకా తవ్వితే, "అది మళ్లీ మాట్లాడుకుందాంలే, మీ లైన్ ఎలా నడుస్తోంది?" అని మళ్లించడం. నోటికి అలవాటైతే తడబాటు ఉండదు. ఎంత చెప్పాలన్నది పూర్తిగా ఉద్యోగి ఇష్టం. సూపర్‌వైజర్ ముందుగా అందరికీ చెప్పేసి "మీరంతా చూసుకోండి" అనడం వద్దు.

సూపర్‌వైజర్ చేయాల్సింది శుక్రవారం పది నిమిషాలు పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడగడం: ఈ వారం ఏ పని తేలిగ్గా అయింది, ఏది భారంగా అనిపించింది. "ఎలా ఉన్నావ్?" అంటే "బాగున్నాను సార్" అనే వస్తుంది. పని గురించి అడిగితే నిజం వస్తుంది.

ఎక్కడ తిరగబెడుతుంది

మూడు నాలుగు వారాల మధ్య ఒక కుంగుబాటు తరచూ వస్తుంది. మొదటి ఉత్సాహం తగ్గుతుంది, అలసట పేరుకుంటుంది. దీని గురించి ముందే చెప్పి ఉంచితే ఓటమి అనుకోరు. అప్పుడు ఒక మెట్టు కిందికి దిగాలి, రోజుకు ఆరు గంటల నుంచి నాలుగు గంటలకు. పూర్తిగా ఇంటికి పంపితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

రెండో కారణం మందు మానేయడం. డ్యూటీలో చేరడంతోనే జబ్బు పోయిందనుకుంటారు. డిప్రెషన్‌లో పూర్తిగా తేరుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించాలి. మొదటిసారి కాకపోతే ఇంకా ఎక్కువ. రివ్యూ తేదీలు డ్యూటీ రోజుల్లో పడితే సెలవు అడగడానికి మొహమాటపడి వెళ్లరు, కాబట్టి ఆ తేదీలు ప్లాన్ పేజీలోనే రాయించాలి. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో చూపించుకునేవాళ్లకి ఓపీలో సగం రోజు పోతుందని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

మూడోది సూపర్‌వైజర్ బదిలీ. ఒప్పందమంతా ఆయన నోట్లోనే ఉంటే కొత్తాయనకి ఏమీ తెలియదు, మొదటి రోజే సీ షిఫ్ట్ వేస్తాడు. సంతకాల పేజీ అందుకే.

ప్రతి ఒక్కరితో తమ సొంత హెచ్చరిక గుర్తులు రాయిస్తాం. ఒకరికి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం, ఇంకొకరికి క్యాంటీన్ మానేసి ఒంటరిగా తినడం, మరొకరికి సాయంత్రం తాగుడు అలవాటు మళ్లీ మొదలవడం. ఆ గుర్తు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో దాని కిందే రాసి ఉంటుంది. భార్యకో అన్నకో ఒక నకలు.

ఆలస్యంగా రావడం, విసుక్కోవడం జబ్బు వల్ల జరిగితే చార్జి మెమోతో మొదలుపెట్టే ఆఫీసులు ఉన్నాయి. వాళ్లు 2021 డిసెంబరులో రవీందర్ కుమార్ ధారివాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. మానసిక జబ్బు ఉన్న సీఆర్‌పీఎఫ్ అధికారి మీద క్రమశిక్షణ చర్య గురించిన కేసు అది. ఆ ప్రవర్తనకు జబ్బు ఏకైక కారణమని ఉద్యోగి నిరూపించనక్కర్లేదు, కారణాల్లో ఒకటైనా రక్షణ వర్తిస్తుందని కోర్టు చెప్పింది.

పాత పని ఇక కుదరనప్పుడు

అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా పాత పనికి తిరిగి రాలేనివాళ్లు ఉంటారు. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ గట్టి ఆసరా. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పోస్టు చేయలేకపోతే అదే స్కేలు, అవే ప్రయోజనాలతో వేరే పోస్టులోకి మార్చాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. దరఖాస్తులో ఈ సెక్షన్ పేరు రాసి, తాను చేయగలిగిన రెండు మూడు పోస్టులు సూచించి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. "తగిన పని ఇప్పించండి" అని మాత్రమే రాస్తే ఏళ్ల తరబడి పక్కన పడి ఉంటుంది. తెలంగాణ ఆర్టీసీలో రంగులు గుర్తించలేని డ్రైవర్‌ని వైద్య కారణాలతో రిటైర్ చేసిన కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రత్యామ్నాయ ఉద్యోగం కోసం సంస్థ నిజంగా వెతకలేదని తప్పుపట్టి, అదే జీతపు స్థాయిలో తగిన పోస్టు ఇవ్వమని ఆదేశించింది.

ప్రైవేటు సంస్థలకు 20(4) నేరుగా వర్తించదు. కానీ ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి, 20 మంది గానీ అంతకు మించి గానీ ఉన్నచోట దాన్ని చూసే లైజన్ ఆఫీసర్ ప్రస్తావన కూడా అందులో ఉండాలి. ఆ పత్రం అడిగి చదవండి. హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు అది చేతిలో ఉంటే మాట వేరేగా సాగుతుంది.

వైకల్య ధ్రువపత్రం ఎప్పుడు తీసుకోవాలన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. మానసిక జబ్బుకి ఐడియాస్ స్కేలు వాడతారు: సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగం ఈ నాలుగింటికి సున్నా నుంచి నాలుగు చొప్పున, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి ఇంకో నాలుగు వరకు, మొత్తం 20. ఏడు వస్తే 40 శాతం. చికిత్స మొదలైన కొత్తలో, తేరుకునే అవకాశం బాగా ఉన్నప్పుడు దీని వెంట పడితే, మనిషి తన జబ్బును నిరూపించుకునే పనిలో పడిపోతాడు. కోలుకోవడం వెనక్కిపోతుంది. సంవత్సరాల తరబడి ఉన్న జబ్బయితే మాత్రం ఆలస్యం చేయకుండా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కోసం దరఖాస్తు పెట్టాలి. వైకల్యాన్ని అంచనా వేసే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు ఆ రోజు ఎలా ఉన్నారన్నది మాత్రమే కాకుండా, గడిచిన నెలల నోట్‌బుక్, పాత చీటీలు, ఇంట్లో రోజూ చూసేవాళ్లు ఒకరు వెంట ఉండాలి.

కొత్త పోస్టులో చేరేవాళ్లకి కూడా గంటల వరుస, ముందు రోజు తనిఖీ, శుక్రవారం పది నిమిషాలు అన్నీ మొదటి నుంచి నడవాలి. పదిహేనేళ్లు బస్సు నడిపిన చేతులు టికెట్ల లెక్కలో కూర్చుంటే మొదట్లో పని కష్టం కంటే పాత పని పోయిన దిగులు ఎక్కువ. అందుకే ఆరో వారం మీటింగ్‌లో కొత్త పని ఎలా ఉందని అడిగాక, పాత పనిలో దేన్ని తలుచుకుంటున్నారని కూడా అడుగుతాం. కొత్తగా చేరిన డ్రైవర్లకు శిక్షణలో సాయం చేయడం లాంటిది వారానికి ఒక పూటైనా దొరికితే, దాన్ని ప్లాన్ పేజీలో చేర్చి మళ్లీ సంతకాలు చేయిస్తాం.